నంబర్లు వేసే పక్క లైను

ఆదివారం, సాయంత్రం

ఎవరో మా బైండింగు షాపులో కుట్టించుకుని, తీసుకెళ్ళడం మరిచిపోయిన తెల్లకాగితాల పుస్తకం ఇది. ఏడాది చూశాను. రాలేదు. ఇక డైరీ. అట్ట నేను వేసిందే కాబట్టి గట్టిగా ఉంది. లోపల రాయబోయేది కూడా అంత గట్టిగా ఉంటే బాగుండు.

ముందు జరిగింది రాయాలి.

వెనక గదిలో బల్ల మీద నా మోడల్ రైల్వే ఉంది. బొమ్మ రైలు అనేది మా ఆవిడ మాట. ఇంజన్లు నాలుగు: నలుపు, ఎరుపు, నీలం, పసుపు. డిజిటల్. అంటే ఒక్కో ఇంజను పొట్టలో ఒక చిప్పు, చిప్పులో ఒక నంబరు. రిమోటు మీద ఏ నంబరు నొక్కితే ఆ ఇంజనే కదులుతుంది. మిగతావి వినపడనట్టు నిలబడతాయి. ఈ ఇంట్లో పిలిస్తే పలికేవి అవే.

నంబరు మార్చాలంటే, పట్టాలకి కరెంటిచ్చే పెట్టె నుంచి వేరే జత తీగలు వస్తాయి. ఆ జతకి కళ్ళు లేవు. పట్టాల మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నిటికీ అదే నంబరు వేసిపారేస్తుంది. మా ఊరి బడిలో లెక్కల మాస్టారు పుస్తకంలోంచి తలెత్తకుండా "లేవరా" అంటే తరగతంతా లేచి నిలబడేది. అలాగన్నమాట. అందుకని నంబర్లు వేయడానికి విడిగా ఒక పక్క లైను, అసలు లైనుతో సంబంధం తెంచి కట్టుకోవాలట. ప్రోగ్రామింగ్ ట్రాక్ అంటారు. బుద్ధిమంతులు మొదటిరోజే కడతారు.

నేను కట్టలేదు. నల్లదానికి ఎనిమిదో నంబరు వేద్దామనిపించింది. ఒక్క నంబరుకి ఒక లైనెందుకులే అని, ఆ తీగలు తెచ్చి అసలు లైనుకే తగిలించి వేసేశాను. నాలుగూ ఎనిమిదైపోయాయి. ఆ సంగతి చూసుకోకుండా రిమోటు మామయ్యగారి చేతిలో పెట్టాను.

మామయ్యగారంటే మా ఆవిడ నాన్న. ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మా దగ్గరికొచ్చి, హాల్లో గోడ చూస్తూ కూర్చునేవారు. ఆ గోడకి కూడా విసుగు పుట్టి ఉంటుంది. ఓరోజు ఊరికే రిమోటు ఇచ్చాను, ఇక ఆ గది వదల్లేదు. నల్ల గూడ్సు ఇంజను ఆయనది. నేను ముట్టుకుంటే, దానికి అలవాటు తప్పుతుందని కసిరేవారు.

ఈ ఉదయం ఎనిమిదో నంబరు నొక్కి, వేగం పెంచే నాబ్ తిప్పారు. నల్లది కదిలింది. వెనక వంపులో ఉన్న మిగతా మూడూ కదిలాయి. ఎర్రది ఎక్స్‌ప్రెస్, దాని వేగం దానిది. వచ్చి బల్ల అంచున నల్లదాన్ని గుద్దింది. నల్లది నేల మీద పడింది. పైకప్పు విరిగింది. పట్టాలు తప్పగానే పెట్టె కరెంటు ఆపేసింది కాబట్టి, మిగతావి ఏ పాపమూ ఎరగనట్టు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆయన తన ఇంజను తప్ప ఇంకోదాన్ని చూడరు. క్రేనులో కూర్చుని కొక్కేన్ని తప్ప ఇంకేదీ చూడకుండా బతికిన మనిషి. ఆయనకి తెలిసింది ఒక్కటే. చేతిలో నాబ్ తిరిగింది, బరువు కింద పడింది. ఉద్యోగం మొత్తంలో ఒక్క పెట్టె జారవిడవలేదట.

తప్పు నాది, నంబర్ల గొడవ అని చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"పెద్దవాణ్ణి నొప్పించకూడదని అంటున్నావు. మంచివాడివే అల్లుడూ" అని రిమోటు బల్ల మీద పెట్టి, మెల్లగా వెళ్ళిపోయి గోడ ముందు కూర్చున్నారు.

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నన్ను మంచివాడనడం ఇదే మొదటిసారి. అదీ తప్పుడు కారణానికి.

కాబట్టి తీర్మానం. వచ్చే ఆదివారంలోగా:

– నా కుర్చీ పక్కనున్న చిన్న లైనుని ప్రోగ్రామింగ్ ట్రాక్ చేస్తాను. పట్టాలు కోసి, స్విచ్చి పెట్టి, పద్ధతిగా.

– అసలు లైనుకి ఆ తీగలు చచ్చినా తగిలించను.

– ఆ పక్క లైను మీద ఎప్పుడూ ఒక్క ఇంజనే. రెండోది కనిపిస్తే నా చెవి నేనే మెలిపెట్టుకుంటాను.

– బావమరిది సలహా అడగను.

నాలుగు ఇంజన్లకీ నాలుగు నంబర్లు వేసి, నల్లది ఒక్కటే కదలడం ఆయనకి చూపిస్తే చాలు. చెయ్యి బాగానే ఉందని ఆయనే ఒప్పుకుంటారు. ఇంత సులువైన పనికి వారం ఎందుకు పెట్టుకున్నానో!


సోమవారం

పెట్టెతో వచ్చిన పుస్తకం చదివాను. ఎవరికీ అర్థం కాకూడదని ఎంతో శ్రమపడి రాశారు. చీమ తలకాయంత అక్షరాలు. బైండింగు అంతకన్నా దరిద్రం. రెండోసారి తెరవగానే ఆకులు చేతికొచ్చాయి. మా షాపులో పనికొచ్చిన కొత్తలో నేను కూడా ఇలా కుట్టలేదు.

ఊడిన ఆకులు ముందు కుట్టాను. దాంతో సాయంత్రం గడిచింది. అయినా పని పనే కదా.

తేలిందేమిటంటే: పక్క లైనుకి రెండు పట్టాలూ కోయాలి. స్విచ్చికి రెండు వరసలుండాలి, మధ్యలో ఖాళీ ఉండాలి. పైకి నొక్కితే పక్క లైనుకి బండ్లు నడిపే కరెంటు. కిందికి నొక్కితే నంబర్లు వేసే కరెంటు. మధ్యలో ఉంటే ఏదీ లేదు. ఇంజను చక్రాలు ఆ కోత మీద నిలబడకూడదు. అటో కాలు ఇటో కాలు వేసుకుని నిలబడితే కోసినా కోయనట్టే.

ఇంతే. దీనికి అరవై పేజీలు.

మామయ్యగారు గడ్డం గీసుకోలేదు. రోజూ తెల్లారకముందే తనే గీసుకునే మనిషి. ఇవాళ మా ఆవిణ్ణి, మంగలి ఎవరైనా ఇంటికొస్తాడేమో కనుక్కోమన్నారట. కత్తి పట్టుకోవడానికి జంకుతున్నారు. గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నారు.

మా ఆవిడ నాతో మాట్లాడడం లేదు. నా ముందు నిలబడి గిన్నెలతో మాట్లాడుతోంది.


మంగళవారం

ఫోనులో వీడియో చూశాను. ఒక కుర్రాడు. చాలాసేపు తన గురించి చెప్పుకున్నాడు. తర్వాత తన గది గురించి. తర్వాత, ఈ విషయం చాలా సులువు కాబట్టి వచ్చే వీడియోలో చెప్తానన్నాడు. వాడి పెళ్ళి కూడా అలాగే వాయిదా పడుగాక.

స్విచ్చి కావాలి. బావమరిది లైట్లూ ఫ్యాన్లూ అమ్మే షాపులో పని చేస్తాడు. స్విచ్చులు అమ్ముతాడు కాబట్టి కరెంటు తనే కనిపెట్టానని నమ్మకం. ఇంట్లో అందరం వాణ్ణి సర్వజ్ఞుడంటాం, వాడు పొగడ్త అనుకుంటాడు. సలహా అడగకూడదన్నాను గానీ సరుకు అడగకూడదనలేదు. వెళ్ళాను.

రెండు వరసల స్విచ్చి అంటే ఫ్యాను రెగ్యులేటరు తెచ్చి ఇచ్చాడు. ఇది కాదురా అంటే, ఇది కూడా తిరుగుతుంది బావా అన్నాడు. చివరికి నేనే లోపలికెళ్ళి డబ్బాలు వెతికి తెచ్చుకున్నాను.

అప్పుడు చెప్పాడు. మామయ్యగారు పొద్దున్నే వాడికి ఫోను చేశారట. వచ్చే ఆదివారం నుంచి వాడింట్లో ఉంటారట. వాడు వ్యాను మాట్లాడేశాడు కూడా.

"నాన్నే అడిగారు బావా. అక్కడుంటే చేతికందిందల్లా పాడుచేస్తానేమోనని భయంగా ఉందన్నారు" అన్నాడు.

వాడికి మాత్రం సంబరంగా ఉంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనికి పోతారు. పార్సిళ్ళు వచ్చినప్పుడు తలుపు తీసే మనిషి దొరికాడు. క్రేను నడిపిన మనిషికి డోర్‌బెల్ డ్యూటీ.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమెకి ముందే తెలుసు.

"చెయ్యి పోయిందనుకుంటున్నారు నాన్న. అలా అనుకుంటే ఇంక ఏదీ పట్టుకోరు. అక్కడికెళ్ళినా అంతే" అంది. ఈ రెండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

ఇక ఆదివారం గడువు నేను పెట్టుకున్నది కాదు.

బయల్దేరేటప్పుడు బావమరిది ఊరికే ఉండక, ఒక్క పట్టా కోస్తే చాలు బావా, రెండు తీగల్లో ఒకటి తెగితే లైటు ఆరిపోదూ, అన్నాడు. నేను అడగలేదు. వాడంతట వాడు చెప్పాడు. కాబట్టి నియమం తప్పినట్టు కాదు.


బుధవారం

ఒక్క పట్టానే కోశాను.

సలహా విని కాదు. సగం పని తగ్గుతుందని.

తీగలు టంకం పెట్టి అంటించి, స్విచ్చి కిందికి నొక్కగానే పెట్టె పిల్లిలా అరిచి ఎర్రదీపం వెలిగించింది. ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అరిచింది. రెండో పట్టా గుండా రెండు లైన్లూ ఇంకా చేతులు పట్టుకునే ఉన్నాయని నాకే తట్టింది. అరవై పేజీల పుస్తకంలో మొదటి వాక్యమే రెండూ కోయమని. సోమవారం నా చేత్తో నేనే రాసుకున్నాను. పైన ఉంది, చూసుకోవచ్చు.

బావమరిదికి ఫోను చేసి తిట్టాను. అయితే పెట్టె పాడై ఉంటుంది బావా అన్నాడు. వీడు వైద్యుడైతే, రోగి చచ్చిపోతే మంచం మార్చమనేవాడు.

సాయంత్రం రెండోది కోశాను. కోసిన సందు మళ్ళీ కలుసుకోకుండా, షాపులో స్పైరల్ బైండింగుకి వేసే ప్లాస్టిక్ అట్ట ముక్క పెట్టి అతికించి, గోరుతో సరిచేశాను. అంత చక్కగా ఎవరూ చేసి ఉండరు. రెండుసార్లు వేలు కాల్చుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పను.

లైను కొంచెం పొడుగ్గా వచ్చింది. పుస్తకానికి అంచు వదిలే అలవాటు. ఒక్క ఇంజనుకి కావలసినదానికి నాలుగింతలు.


గురువారం

పూర్తయింది!

ఎర్ర ఇంజనుని ఒక్కదాన్నే పక్క లైను మీద పెట్టాను. స్విచ్చి కిందికి. ఐదో నంబరు. పెట్టె మీద పచ్చదీపం. స్విచ్చి పైకి. రిమోటు మీద ఐదు నొక్కాను. ఎర్రది కదిలింది. ఎనిమిది నొక్కాను. అసలు లైను మీది నీలం, పసుపు కదిలాయి గానీ ఎర్రది కదల్లేదు. మళ్ళీ ఐదు. కదిలింది. మళ్ళీ ఎనిమిది. గాడిదలా నిలబడింది. ఇలా ఎంతసేపు చేశానో తెలీదు. షాపు తెరవలేదు.

ఇంత తేలికైన దానికి ఈ లోకంలో పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు వీడియోలు తీసుకుంటూ బతుకుతున్నారు. మా బడిలో కరెంటు పాఠం వచ్చే వారం మాస్టారికి జ్వరం. నేను పాఠం లేకుండానే కట్టాను.

మామయ్యగారి దగ్గరికెళ్ళి చెప్పాను. సంతోషం అన్నారు. చొక్కాలు మడతపెట్టుకుంటున్నారు. నెమ్మదిగా, అంచులు కలిపి, బల్ల మీదే ఉంచి మడుస్తున్నారు. గాల్లో ఎత్తి మడవడం లేదు. ఒకసారి వచ్చి చూడండి మామయ్యా అన్నాను. నా కంట పడితే ఏదోటి పడిపోతుందయ్యా అన్నారు.

రేపు నీలానికి, ఎల్లుండి పసుపుకి. నల్లది షాపులో, పుస్తకాలు అదిమే ప్రెస్సు కింద ఉంది. కొత్త పైకప్పు నేనే అట్టతో చేసి, క్యాలికో గుడ్డ అతికించి పెట్టాను.

మూడ్రోజులుంది. బోలెడంత సమయం.


శుక్రవారం

నీలానికి ఆరు వేశాను. పచ్చదీపం. భేష్.

ఒక చిన్న విషయం, రాసిపెట్టడం మంచిది. నీలాన్ని పెట్టేటప్పుడు ఎర్రది అక్కడే ఉంది. తీద్దామనుకున్నాను. కానీ దాన్ని తీసి అసలు లైను మీద పెట్టాలంటే పన్నెండు చక్రాలూ ఒక్కొక్కటే పట్టాల మీద కూర్చోబెట్టాలి. నా కళ్ళద్దాలు హాల్లో ఉన్నాయి. హాల్లో మా ఆవిడ ఉంది. పైగా ఎర్రది లైను చివర, గోడవైపు ఉంది. నీలం నా వైపు. నేను చూస్తున్నది నీలాన్ని.

మూడో నియమం గుర్తుంది. గుర్తుంది కాబట్టే రాస్తున్నాను.

పరీక్షించలేదు. నిన్న పరీక్షించాను కదా. ఒకసారి నిజమని తేలినదాన్ని రోజూ అనుమానించడం మంచి అలవాటు కాదు. సంసారాలు అలాగే చెడతాయి.

బావమరిది ఫోను చేసి, నాన్నకి మంచం కిటికీ పక్కన వేయించాను, చెప్పు బావా అన్నాడు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడిగాను. ఎదురింటి గోడ అన్నాడు.


శనివారం

ఉదయం. రేపు మామయ్యగారు చూడాలి కాబట్టి అసలు లైను శుభ్రం చెయ్యాలి. పట్టాలు రబ్బరుతో రుద్దాలి. రుద్దాలంటే లైను మీద ఏమీ ఉండకూడదు. కాబట్టి పసుపు ఇంజను కూడా పక్క లైను మీదికి వచ్చింది. వచ్చింది ఎలాగూ కాబట్టి, అక్కడే దానికి ఏడు వేశాను. పచ్చదీపం.

ఇప్పుడు మూడున్నాయి అక్కడ. లైను పొడుగ్గా కట్టింది నేనే కదా, ఖాళీగా ఉంచడమెందుకు. బడాయికి కట్టిన వరండా కాదు కదా అది. రోడ్డు మీద కన్నా ఇంట్లో ఉంటే మంచిది కదా ఎవరికైనా. ఇంజన్లకైనా అంతే. స్విచ్చి మధ్యలో ఉంది. మధ్యలో ఉంటే కరెంటే లేదు. కరెంటే లేనప్పుడు నియమం దేనికి?

మధ్యాహ్నం. ప్రెస్సు కిందనుంచి నల్లదాన్ని తెచ్చాను. పైకప్పు అద్భుతం. ఫ్యాక్టరీవాళ్ళు చూస్తే సిగ్గుపడాలి. దానికి ఎనిమిది ఇదివరకే ఉంది. వేయక్కర్లేదు. అయినా రేపటి సంగతి, కింద పడ్డ ఇంజను, చిప్పు ఏమైనా అటూఇటూ అయిందేమో. మనసు కుదుటపడడానికి ఇంకోసారి వేస్తే పోయేదేముంది?

పక్క లైను మీద, మూడింటి ముందు, నల్లదాన్ని నిలబెట్టాను. స్విచ్చి కిందికి. ఎనిమిది. పచ్చదీపం.

ఈ దీపం ఎంత అందంగా వెలుగుతుందో. మనుషులకి కూడా ఒకటి ఉంటే బాగుండు.

పరీక్షించబోతుంటే మా ఆవిడ పిలిచింది. మామయ్యగారి పెట్టె జిప్పు పట్టేసిందట. దాన్ని లాగీ లాగీ, వేలు కోసుకుని, బాగుచేసి ఇచ్చాను. ఆయన వెళ్ళిపోవడానికి నేనే సాయం చేసినట్టయింది. ఇంతకన్నా తెలివైన పని ఈ వారంలో చేయలేదు.


ఆదివారం

ఉదయం బావమరిది వ్యానుతో సహా దిగాడు. సర్దిన పెట్టె గుమ్మం దగ్గరుంది. మామయ్యగారు చెప్పులేసుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా కుర్చీ అంచున కూర్చున్నారు. మా ఆవిడ వంటింట్లోంచి రాలేదు.

ఒక్కసారి గదిలోకి రమ్మన్నాను. వద్దయ్యా అన్నారు. నడపొద్దు, పైకప్పు అతికించాను, అది చూసి వెళ్ళండి అన్నాను. చేసిన పని చూడమంటే కాదనలేరు. లేచి వచ్చారు. నల్లదాని మీదికి వంగి, అట్ట కప్పు మీద వేలు పెట్టి, రంగు కాస్త ఎక్కువైందన్నారు. అంటే నచ్చిందని అర్థం.

స్విచ్చి పైకి నొక్కి, రిమోటు అందించాను. చేతులు వెనక్కి కట్టుకున్నారు.

మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, బల్ల అవతలి అంచున నిలబడి కొంగు రెండు చేతులతో చాపి పట్టుకుంది.

"తిప్పండి నాన్నా. పడితే పట్టుకోవడానికి నేనున్నా" అంది.

ఆయన ఆమెని చూశారు. రిమోటు తీసుకున్నారు. ఎనిమిది నొక్కి, నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పారు.

నల్లది కదిలింది. ఎంతో మర్యాదగా ముందుకొచ్చింది.

దాని వెనక పసుపు కదిలింది. దాని వెనక నీలం. దాని వెనక ఎరుపు. బడి వదిలిపెట్టిన పిల్లల్లా నాలుగూ వరసగా బయల్దేరాయి.

ఐదు, ఆరు, ఏడు, అన్నీ ఎక్కడికి పోయాయో అప్పుడు అర్థమైంది. నిన్న ఆ చివరి ఎనిమిది నాలుగింటికీ పడింది. సరిగ్గా కిందటి ఆదివారంలాగే. వారమంతా కోసి, కాల్చుకుని, అతికించి, మొదటికొచ్చాను.

మామయ్యగారు నాబ్ వెనక్కి తిప్పారు. నాలుగూ ఆగాయి. మళ్ళీ తిప్పారు. నాలుగూ కదిలాయి. ఆగాయి. అప్పుడు మొట్టమొదటిసారిగా తల పక్కకి తిప్పి మిగతా ఇంజన్లని చూశారు.

"నేను పిలిచింది ఒక్కదాన్నే కదయ్యా?"

"అవును మామయ్యా."

"నాలుగూ వచ్చాయేం?"

గుమ్మంలోంచి బావమరిది, అది వోల్టేజి నాన్నా, అని మొదలుపెట్టాడు. ఆయన వాడివైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపారు. నేను చెప్పాను. ఒక్కదాన్నే పెట్టాల్సిన లైను మీద నాలుగూ పెట్టుకుని నంబరు వేశానని. పరీక్షించలేదని. కళ్ళద్దాల సంగతితో సహా చెప్పాను.

"ఆరోజు కూడా ఇంతేనా?"

"ఇంతే. ఎర్రది వెనకనుంచి వచ్చి గుద్దింది. మీరు మీదాన్నే చూస్తున్నారు."

ఆయన కుడిచెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకున్నారు.

"చెప్పొచ్చు కదయ్యా."

"చెప్పాను మామయ్యా."

"చెప్పావులే. మర్యాదకి చెప్తున్నావనుకున్నా. నువ్వు నిజంగానే ఇంత దద్దమ్మవని నాకెలా తెలుస్తుంది?"

మా ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపా నవ్వా అని చూశాను. నవ్వే. చాలా ఎక్కువ నవ్వింది. అంత అక్కర్లేదు.

ఆయన మళ్ళీ నాబ్ తిప్పారు. నాలుగింటినీ పక్క లైను దాటించి, అసలు లైను మీదికి ఎక్కించి, వంపు దగ్గర నెమ్మది చేసి, ఎర్రది ముందున్నదాన్ని తోసుకుపోకుండా చూసుకుంటూ, బల్లంతా తిప్పుకొచ్చి స్టేషన్లో ఆపారు. ఒక్కటీ పడలేదు. ఇంకోసారి తిప్పారు. వ్యానువాడు కింద హారను కొట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మూడో చుట్టు మధ్యలో, తల తిప్పకుండానే కొడుకుతో అన్నారు, "నీ పార్సిళ్ళు పక్కింటివాళ్ళకి ఇమ్మని రాసిపెట్టుకోరా."

బావమరిది మొహం చిన్నబోయింది. గుమ్మం దగ్గరి పెట్టెని వాడే లోపలికి మోసుకొచ్చి పెట్టాడు. వాడు ఈ ఇంట్లో చేసిన ఒకే ఒక్క సరైన పని.


సోమవారం, ఉదయం

తీర్మానం మళ్ళీ మొదలు.

నాలుగింటికీ ఎనిమిదే. నాలుగు నంబర్లూ మళ్ళీ వేయాలి. నియమాలు అవే. కానీ ఈసారి నా చేతిలో లేవు.

టిఫినుకి ముందే మామయ్యగారు గడ్డం గీసుకుని గదిలోకొచ్చి, పక్క లైనంతా వంగి వంగి చూశారు. కోతలు చూశారు. స్విచ్చి పైకీ కిందికీ నొక్కి చూశారు. లైనులో లోపం లేదు, మనిషిలోనే ఉందని తేల్చారు. రేవులో ఇలాంటి మనుషులు ప్రతి షిఫ్టులోనూ ఒకడుండేవాడట. అందుకే అక్కడ ఒక పద్ధతి. పైన క్యాబిన్లో కూర్చున్నవాడికి కింద ఏముందో తెలీదు. కింద ఇంకో మనిషి నిలబడతాడు. సరుకు చుట్టూ తిరిగి, అంతా చూసి, చెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి లేచేదాకా క్రేను కదలకూడదు. ఓడ కెప్టెనే వచ్చి అరిచినా సరే.

ఇప్పుడు నేను క్యాబిన్. ఆయన కింద మనిషి.

ఎర్రదాన్ని ఆయనే తన చేత్తో, గాల్లో ఎత్తి తెచ్చి, లైను మధ్యలో పెట్టారు. మిగతా మూడింటినీ తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాటిని నమ్మరట. నన్ను నమ్మరని అనలేక.

స్విచ్చి కిందికి నొక్కి ఉంది. ఐదు నొక్కి ఉంది. ఆఖరి బటన్ మీద నా ఎడమ బొటనవేలుంది. కుడిచేత్తో ఇది రాస్తున్నాను. షాపు తెరిచే వేళ దాటిపోయింది.

ఆయన ఎర్రదాని చక్రాలు చూశారు. కోతకి అది ఎంత దూరంలో ఉందో చూశారు. బల్ల కిందికి వంగి తీగలు చూశారు. లేచి మళ్ళీ చక్రాలు చూశారు. తర్వాత మా ఆవిణ్ణి టీ అడిగారు.

టీ వచ్చింది. తాగుతున్నారు. వేడిగా ఉందట.

అంతా బాగానే ఉంది కదా మామయ్యా, నొక్కమంటారా అని అడిగాను.

"నా చెయ్యి లేచిందా?" అన్నారు.

లేవలేదు. మోకాలి మీదే ఉంది.

నేనూ నొక్కలేదు. ఇప్పటివరకూ.